సరాయేవోలో ఏ మొహల్లాలో దిగాలి?

దుబాయ్‌లో ఉంటున్న మా ఖాలా కూతురు పోయిన నెల వాట్సాప్‌లో ఒక సవాల్ పంపింది. "భాయీజాన్, సెలవుల్లో పిల్లల్ని తీసుకొని సరాయేవో పోతున్నం. మీరు పోయొచ్చిన్రు కద. ఏ మొహల్లాలో రూమ్ తీస్కోవాలె?" జవాబు రెండు ముక్కల్లో చెప్పేశాను. కానీ అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. ఎందుకంటే ఆ షెహర్ పుట్టిందే 'వచ్చిన మెహమాన్‌ని ఎక్కడ దించాలి' అనే ఫికర్‌లోంచి. అయిదున్నర శతాబ్దాలుగా అక్కడికి ఏ హుకూమత్ వచ్చినా, మెహమాన్ మంచాన్ని మాత్రం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు జరుపుతూనే ఉంది. ఆ మంచం ఎటు జరిగిందో చూసుకుంటూ పోతే ఆ షెహర్ తారీఖ్ మొత్తం తెలిసిపోతుంది.

ముందు పేరు చూడండి. టర్కీ జబాన్‌లో సరాయ్ అంటే మహల్, హాకిమ్ ఉండే చోటు. ఓవా అంటే మైదానం. 'సరాయ్ ఓవాసీ', అంటే మహల్ చుట్టూ ఉన్న మైదానం, అక్కడి జనం నోట్లో నలిగి సరాయేవో అయింది. మన ఉర్దూలో మాత్రం సరాయ్ అంటే ముసాఫిర్లు దిగే చోటు, తెలుగులో సత్రం. షేర్‌షా సూరి సడక్ పక్కన సరాయిలు కట్టించాడని ఉర్దూ మీడియం బడిలో కంఠస్థం చేసినవాళ్లకు ఆ అర్థమే ముందు తడుతుంది. ఫార్సీ మాట ఒకటే. పడమరకు పోయి మహల్ అయింది, తూర్పుకు వచ్చి సత్రం అయింది. సరాయేవో విషయంలో మన అర్థమే ఎక్కువ సరిపోతుందని నాకనిపిస్తుంది. హాకిమ్‌ల మహల్ ఎప్పుడో పోయింది, ముసాఫిర్ల ఖాన్ ఇంకా నిలబడి ఉంది.

బోస్నియా హెర్జెగోవినాకు రాజధాని అయినా ఇది చిన్న షెహర్. 2013 జనగణనలో జనాభా సుమారు 2 లక్షల 75 వేలు. మన హైదరాబాద్‌లో అయితే ఒక మూలకు సరిపోతుంది. మిల్యాట్స్కా అనే సన్నటి నది తూర్పు నుంచి పడమరకు పారుతుంది. రెండు పక్కలా కొండలు, మధ్యలో ఇరుకైన లోయ. ఊరికి వెడల్పు పెరగడానికి జాగా లేదు. అందుకని పొడుగు పెరిగింది. తూర్పు కొసన ఉస్మానీ తుర్కుల 15, 16 శతాబ్దాల బజార్లు. వాటికి అతుక్కొని పడమరగా ఆస్ట్రియా చక్రవర్తుల 19వ శతాబ్దపు భవనాలు. ఇంకా పడమరకు పోతే యుగోస్లావియా కమ్యూనిస్టుల కాంక్రీటు బ్లాకులు. పాత మున్సిపల్ భవనం దగ్గర మొదలుపెట్టి నది పక్కనే నేషనల్ మ్యూజియం దాకా సుమారు రెండున్నర కిలోమీటర్లు నడిస్తే మూడు సల్తనత్‌లు దాటేస్తారు. ఎక్కడ దిగితే ఆ జమానాలో కళ్లు తెరుస్తారు పొద్దున్నే.

ఉస్మానీలంటే మనకు పరాయి కాదు లెండి. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ బిడ్డ దుర్రుషెహ్వార్‌ను 1931లో మన నిజాం కొడుకు ఆజమ్ జాహ్‌కు ఇచ్చి నికాహ్ చేశారు. ఆమె పేరు మీద ఉన్న దవాఖానా పాతబస్తీలో ఇప్పటికీ నడుస్తోంది.

ఇక అసలు కథ. ఆ లోయలో ఈసా బేగ్ ఇస్హాకోవిచ్ అనే ఉస్మానీ హాకిమ్ ఉండేవాడు. నది ఎడమ గట్టున 1457లో ఒక మస్జిద్ కట్టించి సుల్తాన్ మెహ్మద్ ఫాతిహ్ పేరు పెట్టాడు. ఇప్పుడు అక్కడ ఉన్నది 1560లలో మళ్లీ కట్టింది. దాన్ని 'సుల్తాన్ మస్జిద్' అనే అర్థం వచ్చేలా త్సారెవా జామియా అంటారు. 1462లో ఈసా బేగ్ ఒక వక్ఫ్‌నామా రాయించాడు. సరాయేవో పుట్టుక సర్టిఫికెట్ అంటే అదే. అందులో ఉన్నదేమిటి? నది ఒడ్డున బెంత్‌బాషా దగ్గర ఒక జావియా, అంటే దర్వేషుల ఖాన్‌ఖా. ముసాఫిర్లు, తాలిబె ఇల్మ్‌లు, గరీబులు వస్తే తినడానికి, తల దాచుకోవడానికి. మరి ఖర్చు ఎట్లా? దాని కోసం ఒక కారవాన్ సరాయ్, దుకాణాలు, పిండి మరలు, ఒక హమ్మామ్, నది మీద ఒక వంతెన.

ఆగి ఆలోచించండి. ఊరు కట్టాక ఊళ్లో సత్రం కట్టలేదు. సత్రం నడవడానికి ఆమ్‌దనీ కావాలి కాబట్టి బజారు కట్టారు, బజారుకు మనుషులు రావాలి కాబట్టి వంతెన కట్టారు, వచ్చినవాళ్లు ఉండిపోయారు కాబట్టి ఊరు అయింది. ముసాఫిర్ కోసం వండిన షోర్బా గిన్నె చుట్టూ ఒక రాజధాని పెరిగింది.

అరవై ఏళ్ల తర్వాత గాజీ ఖుస్రౌ బేగ్ వచ్చాడు. సుల్తాన్ బాయజీద్ కూతురి కొడుకు. 1521 నుంచి, మధ్యలో కొంత విరామంతో, 1541లో చనిపోయేదాకా బోస్నియా హాకిమ్. ఆయన మస్జిద్ 1531 నాటికి పూర్తయింది, మద్రసా 1537లో. ఆ మద్రసా వక్ఫ్‌నామాలో ఒక షరతు ఉంది: కట్టడం ఖర్చు పోగా మిగిలిన డబ్బుతో మంచి కితాబులు కొనాలని. ఆ ఒక్క షరతు నుంచి పుట్టిన కుతుబ్‌ఖానా నేటికీ ఉంది. 1992-95 జంగ్‌లో అందులోని చేతిరాత ప్రతులను డబ్బాల్లో సర్ది, ఒక చోటు నుంచి మరో చోటుకు మారుస్తూ కాపాడుకున్నారు. ఖుస్రౌ బేగ్ వక్ఫ్‌లోనే ఇమారత్ అనే లంగర్‌ఖానా, ముసాఫిర్‌ఖానా కూడా ఉన్నాయి. ఉస్మానీ మామూల్ ప్రకారం ముసాఫిర్‌కు మూడు రోజులు ముఫ్త్. జియాఫత్ మూడు రోజులు అన్న హదీస్ మనందరికీ తెలిసిందే. ఇంటికి వచ్చిన చుట్టం నాలుగో రోజు కూడా కదలకపోతే మన అమ్మీలు గుర్తు చేసుకునేదీ అదే.

ఈ వక్ఫ్ కట్టడాలన్నీ కలిసి పెరిగిన బజారే బష్‌చార్షియా. పేరు విని బెదరకండి. 'బాష్' అంటే టర్కీలో తల, పెద్ద. 'చార్షీ' అంటే ఫార్సీ 'చార్‌సూ', నాలుగు దిక్కులు కలిసే చోటు. మన చార్మినార్ ముందు నాలుగు కమాన్ల మధ్య ఉన్న గుల్జార్ హౌజ్ అసలు పేరు 'చార్‌సూ కా హౌజ్'. అదే మాట, అదే నక్షా: నాలుగు దారులు, నడుమ నీళ్లు. బష్‌చార్షియా నడుమ ఉన్న చెక్క ఫౌంటెన్‌ను 'సెబీల్' అంటారు. ముహర్రంలో మన గల్లీల్లో షర్బత్ పోసే సబీల్ తెలుసు కదా, అదే. 1753లో మెహ్మద్ పాషా కుకావిత్సా కట్టించిన సబీల్ పోయాక, ఇప్పుడున్నది 1913లో కట్టారు. అక్కడ దుకాణాన్ని దుచాన్ అంటారు, సబ్బును సాపున్, పొరుగు వీధిని మహలా. సవాబ్, ఇన్సాన్, దుష్మన్, సబ్ర్, ఇవన్నీ కాస్త యాస మారి వాళ్ల నోట్లో వినిపిస్తుంటే మా బేగం నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉంది. జీన్లు గుట్టే సర్రాజ్‌ల వీధి సారాచి. రాగి గిన్నెలు కొట్టేవాళ్ల వీధిలో సుత్తి చప్పుడు ఇంకా ఉంది.

బష్‌చార్షియా గురించి టూరిస్టు కితాబులు సరిగ్గా చెప్పని సంగతి ఒకటుంది. ఆ బజార్లో ఎవరూ కాపురం ఉండేవాళ్లు కాదు. ఉస్మానీ జమానా కాయిదా అది. చార్షియా వ్యాపారానికి, మహలా కాపురానికి. పొద్దుగూకగానే దుకాణదార్లు తలుపులు మూసి కొండ మీది మహలాలకు ఎక్కిపోయేవాళ్లు. రాత్రి చార్షియాలో మిగిలేది చౌకీదార్లు, ముసాఫిర్లు. ముసాఫిర్లు ఎక్కడ? ఖాన్‌లలో. ఖాన్ అంటే మధ్యలో సెహన్, కింద గుర్రాలకు, సరుకుకు జాగా, పైన మనుషులకు గదులు. ఎన్నో ఉండేవి, నేడు నిలిచింది ఒక్కటే, మోరిచా ఖాన్. ఖుస్రౌ బేగ్ వక్ఫ్ ఆమ్‌దనీతో కట్టింది. మూడు వందల మంది మనుషులు, డెబ్బయి గుర్రాలు పట్టేవట. 1957లో కాలిపోతే 1970లలో మళ్లీ పాత పద్ధతిలోనే కట్టారు. ఇప్పుడు అందులో పడుకోనివ్వరు. కహ్వా తాగి, సెహన్‌లో కూర్చొని రావచ్చు.

కొండ మీది మహలాల సంగతి వేరు. ఒక చిన్న మస్జిద్, దాని చుట్టూ ముప్ఫై, నలభై ఇళ్లు, ఒక నల్లా, ఒక బేకరీ, పక్కనే ఖబ్రస్తాన్. ఉస్మానీ రోజుల్లో ఇట్లాంటివి వందకు పైగా ఉన్నాయి. ఇల్లంటే ఎత్తైన ప్రహరీ, లోపల గులకరాళ్లు పరిచిన వాకిలి, మర్దానా వేరు, జనానా వేరు. 18వ శతాబ్దపు 'స్వర్జో ఇల్లు' మ్యూజియంగా ఉంది, చూడండి. మన పాతబస్తీ దేవిడీలు చూసినవాళ్లకు దారి అడగాల్సిన పని ఉండదు. ఇళ్లు కొండవాలులో మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒకరి పైకప్పు ఇంకొకరి కిటికీకి అడ్డం రాకూడదని కట్టు. లోయను చూసే హక్ అందరిదీ. దుషాన్ గ్రాబ్రియాన్, యూరాయ్ నైథార్ట్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు 1957లో బోస్నియా కట్టడాల మీద పెద్ద పుస్తకమే వేశారు. కొత్త ఊళ్లు కట్టేవాళ్లు ఈ మహలా నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉందని వాళ్ల వాదన.

మరి ఆ మహలాలో కొత్తవాడికి చోటుందా? గల్ఫ్‌లో పనిచేసిన వాళ్లున్న ప్రతి ఇంటికీ ఒక మాట తెలుసు: కఫీల్. ఉస్మానీ షెహర్లలో ఆ మాటకు ఇంకో రూపం. ఒక మహలాలో ఉండేవాళ్లు ఒకరికొకరు కఫీల్. గల్లీలో దొంగతనం జరిగితే, గొడవ అయితే అందరూ జవాబ్‌దార్లే. అందుకని ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి ఇల్లు అద్దెకు అడిగితే ఇచ్చేవాళ్లు కాదు. అతని తరఫున జమానత్ ఉండే మనిషి కావాలి, ఇమామ్‌కు తెలియాలి. అప్పటిదాకా అతని చోటు చార్షియాలోని ఖాన్. అది నిరాదరణ కాదు. షోర్బా, రొట్టె, కప్పు అన్నీ దొరికేవి. కానీ మెహమాన్ మెహమానే, హమ్‌సాయా హమ్‌సాయానే. రెండూ వేర్వేరు హక్‌లు. దీంట్లో మంచీ ఉంది, చెడూ ఉంది. ఒంటరి మనిషికి, చెడ్డపేరు పడ్డవాడికి ఆ మహలా చాలా కఠినంగా ఉండేదని కూడా ఒప్పుకోవాలి.

మెహమాన్ హమ్‌సాయా అయిన కథ ఒకటి అక్కడే ఉంది. 1492లో స్పెయిన్ నుంచి గెంటేసిన యూదులు ఉస్మానీ రాజ్యానికి వచ్చారు. వాళ్లలో కొందరు 16వ శతాబ్దంలో సరాయేవో చేరారు. 1581 ప్రాంతంలో సియావుష్ పాషా వక్ఫ్ కింద వాళ్లకు ఒక పెద్ద దాయిరా కట్టించారు, పక్కనే ప్రార్థనాలయం. మొదట సత్రంలాంటిదే. తర్వాత అదే వాళ్ల మొహల్లా అయింది. వాళ్లతో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక బొమ్మల చేతిరాత గ్రంథం, హగ్గదా, చివరికి నేషనల్ మ్యూజియం చేరింది. 1942లో నాజీ అధికారి దాని కోసం వస్తే, మ్యూజియం లైబ్రేరియన్ దెర్వీష్ కొర్కుత్ అనే ముస్లిం ఆలిమ్ దాన్ని తప్పించి దాచాడు. ఒక యూదు పిల్లను కూడా తన ఇంట్లో పెట్టుకున్నాడు. కితాబు మిగిలింది. మనుషులు మాత్రం, యుద్ధానికి ముందు ఆ షెహర్లో ఉన్న యూదుల్లో అత్యధికులు, బతకలేదు. పాత సినగాగ్ ఇప్పుడు మ్యూజియం. బష్‌చార్షియా పక్కన దిగితే నాలుగు అడుగుల దూరం.

1878లో ఆస్ట్రియా హంగరీ వచ్చింది. మరుసటి ఏడు 1879లో పెద్ద మంటలు లేచి బజారులో చాలా భాగం బూడిదైంది. ఖుస్రౌ బేగ్ వక్ఫ్‌దే అయిన తాష్‌లీ ఖాన్, అంటే రాతి ఖాన్, అందులోనే పోయింది. కాలిన చోటు నుంచి పడమరగా కొత్త దొరలు వియన్నా పద్ధతిలో వీధులు వేశారు. తాష్‌లీ ఖాన్ పక్కనే 1882లో 'హోటల్ యూరప్' తెరిచారు. ఈ రోజు వెళ్లి చూస్తే హోటల్ ప్రక్కన పాత ఖాన్ గోడలు మోకాలెత్తున కనబడతాయి. ముఫ్త్ మంచం పోయి కిరాయి మంచం వచ్చిన చోటు సరిగ్గా అదే. ఫర్హాదియా అనే వీధిలో ఒక చోట నేల మీద గీత కూడా ఉంది. తూర్పుకు తిరిగితే ఉస్మానీ కప్పులు, పడమరకు తిరిగితే వియన్నా బాల్కనీలు. అందరూ అక్కడ నిలబడి ఫోటో దిగుతారు. మేమూ దిగాం.

ఆ దొరల ఆఖరి మెహమాన్ కూడా బస దగ్గరే తారీఖ్‌లో కెక్కాడు. యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను 1914 జూన్‌లో ఊరికి పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఇలిజా అనే వేడినీటి ఊటల చోట హోటల్లో దించారు. మధ్యలో ఒక సాయంత్రం భార్యతో కలిసి బష్‌చార్షియా వచ్చి సౌదా చేసి భద్రంగా వెళ్లాడు. జూన్ 28న సర్కారీ జులూస్‌గా ఊళ్లోకి వచ్చినప్పుడు లాటిన్ వంతెన మలుపు దగ్గర గవ్రీలో ప్రిన్సిప్ కాల్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం అక్కడి నుంచి మొదలైంది. మిగతాది మనం బడిలో చదివిందే.

కమ్యూనిస్టుల జమానా వక్ఫ్‌కు కష్టకాలం. వక్ఫ్ ఆస్తులు సర్కారు పరం అయ్యాయి. బష్‌చార్షియానే పాత చెత్తగా భావించి కొన్ని దుకాణాల వరుసలు కూల్చారు. 1957లో రోడ్డు కోసం బెంత్‌బాషాలోని ఈసా బేగ్ తకియాను పడగొట్టారు. ఏ ముసాఫిర్‌ఖానా కోసం ఊరు పుట్టిందో అది ఊళ్లో లేకుండా పోయింది. ఇది చదువుతూ నాకు మన షేక్‌పేట సరాయ్, నాంపల్లి స్టేషన్ ఎదుటి సరాయ్ గుర్తొచ్చాయి. మక్కాలో నిజాం రుబాత్ మాత్రం ఇంకా నడుస్తోంది కాబట్టి, పాత హైదరాబాద్ రియాసత్ జిల్లాల హాజీలకు ఖుర్రా తీసి ముఫ్త్ బస ఇస్తోంది కాబట్టి, మన పిల్లలకు 'ముసాఫిర్ కోసం వక్ఫ్' అంటే ఏమిటో చూపించడానికి ఒక నమూనా అయినా మిగిలింది.

మెహమాన్ మంచం ఇంకోసారి పడమరకు జరిగింది. 1984 చలికాలపు ఒలింపిక్స్ కోసం మారియిన్ ద్వోర్ దగ్గర పసుపు రంగు డబ్బాలాంటి హాలిడే ఇన్ కట్టారు. ఎనిమిదేళ్లకు జంగ్. 1992 ఏప్రిల్ 5న దగ్గరలోని వర్బాన్యా వంతెన మీద సువాదా దిల్బెరోవిచ్, ఓల్గా సూచిచ్ అనే ఇద్దరు ఆడపిల్లలు తూటాలకు బలయ్యారు. ఒకరు ముస్లిం, ఒకరు క్యాథలిక్. ఆ వంతెనకు ఇప్పుడు వాళ్ల పేరే. మరునాడు ఆ హోటల్ నుంచే జనం మీద కాల్పులు జరిగాయి. తర్వాత 1996 ఫిబ్రవరి 29 దాకా, 1425 రోజులు, షెహర్ ముహాసిరాలో ఉంది. చుట్టూ కొండల మీద ఫిరంగులు. 2012లో చనిపోయినవాళ్ల గుర్తుగా పెద్ద వీధిలో 11,541 ఎర్ర కుర్చీలు వేశారు, ఖాళీగా.

ఆ ముహాసిరాలో విదేశీ సహాఫీలంతా దిగింది ఆ పసుపు హోటల్లోనే. నా పేషా కూడా అదే కాబట్టి ఆ భవనం ముందు కాసేపు ఎక్కువ నిలబడ్డాను. దక్షిణం వైపు గదులు ఎదుటి గ్రబావిత్సా నుంచి కాల్చే తుపాకులకు ఎదురుగా ఉండేవి, వాడుకకు పనికిరాకుండా పోయాయి. వెనక వైపు గదుల్లోనే మనుషులు. కిటికీ ఎటు ఉంది అన్నది మనకు వ్యూ కోసం అడిగే సవాల్. వాళ్లకు ప్రాణం సంగతి. అయినా వాళ్లకు బయటికి పోయే దారి ఉండేది. మహలాల్లో ఉన్నవాళ్లకు అదీ లేదు. బార్బరా డెమిక్ అనే అమెరికన్ సహాఫీ లోగవీనా అనే ఒక్క వీధిని పట్టుకొని, ఆ వీధి ఇళ్లవాళ్ల ముహాసిరా రోజుల మీద పుస్తకం రాసింది. హోటల్ నుంచి లేచి మహలాకు ఎక్కడం వల్లే ఆ పుస్తకం వచ్చింది.

బిస్త్రిక్‌లో ఒక తమాషా చెప్పాలి. నది ఎడమ గట్టున, సుల్తాన్ మస్జిద్ వెనక ఉన్న మొహల్లా అది. అక్కడ 1864 నాటి బీరు ఫ్యాక్టరీ ఉంది, ఎదురుగా ఫ్రాన్సిస్కన్ల చర్చి. ఫ్యాక్టరీ కింద సొంత ఊట ఉంది. ముహాసిరాలో నల్లాలు ఆగిపోయినప్పుడు ఊరి జనం, నమాజీ బుజుర్గులతో సహా, డబ్బాలు పట్టుకొని ఆ ఫ్యాక్టరీ ముందు వరుస కట్టారు. వుజూకు నీళ్లూ అక్కడివే. వరుసల మీద కూడా గుండ్లు పడ్డాయి.

ఇక నా రాయ్. కుటుంబంతో పోయేవాళ్లు బిస్త్రిక్ కింది భాగం చూసుకోండి. నది పక్కన, చదునుగా ఉన్న చోట, పైకి ఎక్కనక్కర్లేదు. వంతెన దాటితే బష్‌చార్షియా. సుల్తాన్ మస్జిద్ పక్కనే. ఈసా బేగ్ వక్ఫ్‌లోని హమ్మామ్, 1890లో తిరిగి కట్టింది, ఇప్పుడు హోటల్‌తో కలిసి ఉంది. 1462లో ముసాఫిర్ కోసం రాసిచ్చిన చోట 21వ శతాబ్దంలో ముసాఫిర్ పడుకుంటున్నాడు, పైసలు ఇచ్చి అయినా సరే. మోకాళ్ల నొప్పులున్న అమ్మీ, అబ్బాలు వెంట ఉంటే ఫర్హాదియా వీధి చుట్టుపక్కల తీసుకోండి. నేల సాఫుగా ఉంటుంది, ట్రామ్ దగ్గర. బష్‌చార్షియా నడిబొడ్డున దిగితే చెవుల్లో రాత్రి పదకొండు దాకా గోల. తిండికి మాత్రం అక్కడికే పోండి, కబాబ్ దుకాణాల్లో చాలాచోట్ల శరాబ్ పెట్టరు. గల్ఫ్ కుటుంబాలు ఎక్కువగా ఇలిజాలో దిగుతాయి. పచ్చిక, ఊటలు, పెద్ద గదులు. బాగుంటుంది. కానీ పొద్దున లేస్తే కనబడేది సరాయేవో కాదు.

పైన ఉన్న కోవాచి, వ్రాత్నిక్, ఇంకా ఎత్తుకు పోయే మహలాల్లో ఇప్పుడు ఇళ్లకు ఇళ్లే టూరిస్టులకు రోజుల లెక్కన ఇస్తున్నారు. లోయ మొత్తం కనిపిస్తుంది, కిరాయి కూడా తక్కువే. దీని మీద మా ఇంట్లో బహస్ జరిగింది. మా బేగం మాట: ఒక బేవా తన ఇంట్లో ఒక గది ఇచ్చి నాలుగు పైసలు సంపాదించుకుంటే మనం అక్కడే దిగాలి, అదే సవాబ్. ఆ మాటకు నేను కాదనను. ఇంటావిడ అక్కడే ఉంటే ఆవిడే మీ కఫీల్. గల్లీలో సలాం చెబితే ఎవరి ఇంటి మెహమాన్‌వో అందరికీ తెలుస్తుంది. కానీ ఇంటివాళ్లు ఎవరూ లేకుండా, తాళంచెవి డబ్బాలో పెట్టి, నంబరు ఫోన్‌కు పంపే ఇళ్లు వేరే. ముప్ఫై ఇళ్ల మహలాలో పది ఇళ్లు అట్లా అయితే ఫజర్‌కు మస్జిద్‌లో సఫ్ ఎవరితో నిండుతుంది? జనాజా ఎవరు మోస్తారు? జంగ్ 1425 రోజులు కొట్టినా ఖాళీ కాని గల్లీలు కిరాయికి ఖాళీ కాకూడదు. అందుకే ఖాళీ ఇళ్లు వద్దన్నాను. గది దొరికితే సరే.

ఎన్ని రోజులు అని అడిగితే, మూడు. ఊరు చిన్నది, మూడు చాలు. ఒక రోజు చార్షియా, ఖుస్రౌ బేగ్ మస్జిద్, పక్కనే గడియార స్తంభం. అందులో గడియారం మగ్రిబ్‌కు 12 కొట్టే లెక్కలో నడుస్తుంది. రోజుల పొడుగు మారేకొద్దీ దాన్ని సరిచేసే ముఅఖ్ఖిత్ ఉంటాడు. ఇంకో రోజు మున్సిపల్ భవనం వియెచ్నిత్సా. 1992 ఆగస్టు 25 రాత్రి నుంచి అది గుండ్లకు తగలబడి నేషనల్ లైబ్రరీ కితాబులు లక్షల్లో కాలిపోయాయి. 2014లో మళ్లీ తెరిచారు. దానికి ఎదురుగా నది అవతల 'ఇనాత్ ఇల్లు'. ఇనాత్ అంటే మన ఇనాద్, పంతం. ఆ భవనం కోసం తన ఇల్లు కూల్చడానికి ఒప్పుకోని ఒక ముసలాయన, చివరికి మొహర్లు తీసుకొని, ఇటుక ఇటుక విప్పి నది అవతల మళ్లీ కట్టించుకున్నాడు. మూడో రోజు బిస్త్రిక్ నుంచి రోప్‌వే ఎక్కి త్రెబెవిచ్ కొండ. జంగ్‌లో ధ్వంసమైంది, 2018 ఏప్రిల్ 6న తిరిగి మొదలైంది.

టైముంటే ఇనాత్ ఇంటి వెనక నుంచి పైకి అలీఫాకోవాట్స్ ఖబ్రస్తాన్‌కు ఎక్కండి. తెల్లటి రాతి తలపాగాల ఖబ్ర్‌లు, కింద మొత్తం షెహర్. సరాయేవోకు వచ్చి ఇక్కడే కన్నుమూసిన ముసాఫిర్లను ఆ కొండ మీద దఫన్ చేసేవారని అక్కడివాళ్లు చెబుతారు. అసర్ తర్వాత బయల్దేరితే బాగుంటుంది. మగ్రిబ్‌కు కిందినుంచి అజాన్‌లు ఒకదాని వెంట ఒకటి మొదలవుతాయి. ఫాతిహా చదివి చీకటి పడకముందే దిగండి. ఆ దారి వాలు ఎక్కువ, గులకరాళ్ల మీద పిల్లల కాళ్లు జారతాయి.